దీపాల వేళ వేలిముద్ర

మా ఊళ్లో వేలిముద్ర మీద డబ్బులిచ్చే మిషన్ అందరికంటే ముందు పెట్టింది నేను. ఈ మాట అడిగినవాళ్లకు చెబుతాను, అడగనివాళ్లకు ఇంకా వివరంగా చెబుతాను. ఎందుకంటే ఇప్పుడు మహారాష్ట్ర అంచునున్న మా ఇస్లాపూర్‌లో రైలు దిగిన కొత్తవాళ్లెవరైనా "అంగూఠా దుకాణం ఎక్కడ?" అని, అంటే వేలిముద్ర దుకాణం ఎక్కడని అడిగితే జనం చెయ్యి చూపేది రోడ్డుకు అవతలి వైపు. అవతలి వైపున్నది మా యారాలి దుకాణం. యారాలంటే తోడికోడలు, మా మరిది పెళ్లాం. చీమలు పెట్టిన పుట్టలో పాము చేరడం గురించి పెద్దలు ఊరికే చెప్పలేదు.

నన్ను ఓర్వలేనిదంటారు. అననీ. ఓర్చుకున్నవాళ్లకు ఎవరు ఏం బహుమానం ఇచ్చారో నేను చూడలేదు.

మాది స్టేషన్‌కు పోయే దారిలో చిన్న కిరాణా దుకాణం. మామగారు పెట్టింది. ఆయన పోయాక మా ఆయన చూసుకుంటున్నాడు. నాయ్‌గావ్ నుంచి పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచి నా పని లోపలి గదిలోనే. పప్పులు ఏరడం, పొట్లాలు కట్టడం, పిలిచినప్పుడు అందించడం. మా ఆయన భోజనానికి లేస్తే గల్లా దగ్గర నేను కూర్చునేదాన్ని. వచ్చినవాళ్లు తల లోపలికి పెట్టి "సేట్ లేడా?" అనేవాళ్లు. ఏం కావాలో చెప్పండి, నేనిస్తాను అంటే, "మల్ల అస్తంలే" అని పోయేవాళ్లు. ఉప్పు పాకెట్ కొనడానికి కూడా మగమనిషే కావాలేమో ఈ ఊరికి అనుకునేదాన్ని.

ఆ రోజుల్లోనే గోకుందలో ఒకతను ఈ మిషన్లు ఇప్పిస్తున్నాడని తెలిసింది. మా ఊరి బ్యాంకులో వరుస ఎప్పుడూ మెట్ల కిందికి ఉండేది. వారపు అంగడి నాడైతే ముసలివాళ్లు చెప్పులు వరుసలో పెట్టి, పక్కన కూర్చుని కునుకు తీసేవాళ్లు. ఆడవాళ్ల ఖాతాల్లో సర్కారు నెలనెలా వేసే డబ్బులు మొదలయ్యాక ఆ వరుస ఇంకా పెరిగింది. మా ఆయన్ను పోరి పోరి, రైల్లో కిన్వట్‌కు వెళ్లి, అక్కణ్నుంచి గోకుందకు ఆటోలో పోయి, నా పేరు మీదే మిషన్ తెచ్చుకున్నాను. పెట్టుబడి మా అమ్మ ఇచ్చింది. దుకాణంలో ఒక మూల నాకు దొరికింది. చిన్న బల్ల, ఒక కుర్చీ, బల్ల మీద అగ్గిపెట్టెంత మిషన్, దాని పక్కన నా ఫోను.

పని పెద్ద కష్టమేమీ కాదు. వచ్చిన మనిషి వేలు పెడితే ఆమె ఖాతాలో తగ్గినంత నా ఖాతాలో పడుతుంది, అంత డబ్బు నేను గల్లాలోంచి తీసి ఇస్తాను, కంపెనీవాళ్లు నాకు కమీషన్ ఇస్తారు. పొద్దున దుకాణం తెరవగానే ముందు నా వేలు పెడితేనే మిషన్ పనికి లేస్తుంది. మా ఆయన వేలు పెడితే లేవదు. ఈ సంగతి నాకు చాలా ఇష్టం. ఒకసారి ఆయన ముందు కావాలని ఆయన వేలు పెట్టించి చూపించాను కూడా.

మొదటి రోజే మా అత్తమ్మ వచ్చి నా బల్ల ముందు నిలబడింది. ఆమె ఉండేది దుకాణం వెనక మా ఇంట్లోనే. కిరాణా దుకాణంలో నలభై ఏళ్లు బతికిన మనిషి.

"ఇను బిడ్డా. బోణీ గాకముందు గల్లాలకెల్లి పైసలు తీయద్దు. పొద్దుమీకి దీపం వెట్టినంక అస్సలే తీయద్దు. సరుకు మీది చిల్లరంటె ఏరే ముచ్చట. ఉత్తగ తీసిస్తె లక్ష్మి ఎల్లిపోతది."

ఈ రెండూ మా ఇళ్లలో ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేని సంగతులు. బోణీ కాకముందు బాకీ తీర్చరు, దీపం పెట్టాక పక్కింటికి ఉప్పు కూడా ఇవ్వరు. కానీ నా వ్యాపారమంతా డబ్బు తీసి ఇవ్వడమే కదా! ఆ మాట అనబోయి మింగాను. నేను వాటిని నమ్మానా అంటే, నమ్మకపోవడానికి కావలసిన ధైర్యం నాకు లేదు. కొత్త వ్యాపారం, అమ్మ డబ్బులు.

పత్తి ఏరే కాలం. మా వైపు ఆడవాళ్లు తెల్లవారగానే సద్ది మూట కట్టుకుని ఆటోల్లో చేన్లకు పోతారు, దీపాల వేళకు తిరిగి వస్తారు. వాళ్లకు తీరికున్నవి ఆ రెండు వేళలే. నేను ఇవ్వకూడనివీ ఆ రెండు వేళలే.

"అక్కా, ఆటో పోతది, జల్ది ఐదొందలియ్యి" అంటూ ఒకామె పరుగున వచ్చింది ఒకనాడు.

"బోణీ గాలే. జర ఆగు."

"నేనచ్చిన గదా. బోణీ నేనే."

"నువ్వు తీస్కపోయేదానివి. వేసేటోళ్లు రావాలె ముందుగాల."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. ఆటో హారన్ కొట్టింది. సద్ది మూట చంకన పెట్టుకుని పోయింది. కొడుకు హైదరాబాద్‌లో చదువుతున్నాడని డబ్బులు పంపడానికి వచ్చే ఒకాయన ఉండేవాడు, నా బోణీ ఆయనే. ఆయన రాని రోజు నేను పదకొండింటి దాకా మిషన్‌ను కొంగుతో తుడుస్తూ కూర్చునేదాన్ని.

అప్పుడు దిగింది యారాలు.

మరిది నాందేడ్‌లో ఒక బట్టల దుకాణంలో పని చేసేవాడు. ఆ దుకాణం మూతపడింది. పంపకాల్లో అతనికి వచ్చిన గది రోడ్డుకు అవతల, మా ఎదురుగానే, ఏళ్ల తరబడి తాళం వేసి ఉంది. దాన్ని కడిగి, సున్నం వేసి, కాపురం పెట్టారు. యారాలు వచ్చిన కొత్తలో రోజూ నా పక్కన కూర్చునేది. "గిదెట్ల జేస్తవ్ అక్కా? గీ బటన్ ఎందుకు?" అని అడుగుతుంటే నాకు గొప్పగా ఉండేది. నాందేడ్‌లో ఉండి వచ్చిన మనిషి నన్ను అడుగుతున్నదని అన్నీ చెప్పాను. మిషన్ వేడెక్కితే ఏం చేయాలో కూడా చెప్పాను. కొన్నాళ్లకు ఆ గది ముందు నీలం రంగు ఫ్లెక్సీ లేచింది. మీద మరాఠీ, కింద తెలుగు. రెండు కుర్చీలు, ఒక ఫ్యాను. ఆ ఫ్యాను గాలి రోడ్డు దాటి నా కడుపులో మంటను రాజేసేది.

యారాలు నవ్వుతూ మాట్లాడుతుంది. నేనూ నవ్వగలను, కానీ దాని నవ్వుకు జనం కూర్చుంటారు. దాన్ని అందరూ "మేడం" అనేవారు. నేను అప్పటికీ "సేట్ పెండ్లామే". పొద్దున సద్ది మూటలతో పరుగెత్తే ఆడవాళ్లు నా ముందునుంచే, నా వైపు చూడకుండా అటు దాటేవారు. దీపాల వేళ చేన్లనుంచి వచ్చినవాళ్లూ అటే. కళ్లల్లో నిప్పులు పోసుకోవడం అంటే ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. నిజంగానే కళ్లు మండేవి.

ఉండబట్టలేక ఒకరోజు అడిగాను. "దీపం వెట్టినంక గూడ పైసలిస్తున్నవట గదనే. భయం లేదా?"

అది నవ్వింది. "గల్లా నాదా ఏంది అక్కా? బ్యాంకోళ్లది. బ్యాంకోళ్ల లక్ష్మి పోతె నాకేంది?"

ఆ మాట నాకెందుకు తోచలేదని ఇప్పటికీ కుమిలిపోతాను. వ్యాపారం పోతే పోయింది, ఆ మాట మాత్రం నాది కావలసింది.

ఇదంతా ఒక ఎత్తు. అత్తమ్మ చేసింది ఒక ఎత్తు.

ఆమెకు నెలనెలా నిరాధార్ పగార్ వస్తుంది. భర్త పోయిన ఆడవాళ్లకు సర్కారు ఇచ్చే పింఛనును మా దగ్గర అలా అంటారు. ఆ డబ్బు పడ్డ రోజు మా ఇంట్లో దీపం పెట్టి, దండం పెట్టుకుని, కొంగు తల మీదికి లాక్కుని, ఆమె నా బల్ల పక్కనుంచే నడిచి, రోడ్డు దాటి, యారాలి దుకాణంలో కుర్చీ మీద కూర్చుంది. వేలు పెట్టింది. డబ్బులు కొంగున కట్టుకుంది. చాయ్ కూడా తాగి వచ్చింది. మొదటిసారి ఏదో పని ఉండి వెళ్లిందనుకున్నాను. రెండో నెలా అంతే, మూడో నెలా అంతే. సరిగ్గా దీపం పెట్టగానే.

మా గల్లీలో అత్తమ్మ ఎటు పోతే ముసలమ్మలంతా అటే. జాతరకైనా, దవాఖానకైనా ఆమె కొంగు చూసుకునే కదులుతారు. అత్తమ్మ రోడ్డు దాటడంతో వాళ్లూ దాటారు, వాళ్ల వెనక వాళ్ల కోడళ్లు దాటారు. కన్నకొడుకు దుకాణంలోనే అత్త తన వేలు పెట్టకపోతే, పెద్దకోడలి మిషన్లో ఏదో దోషం ఉందని ఊరు అనుకోదా? అనుకుంది. ఒకామె నా మొహం మీదే అడిగింది, "నీ మిషిన్ల పైసలు తక్కువ వడ్తయంట గదా?" అని.

ఆ పూట అత్తమ్మకు ఇష్టమైన పచ్చిపులుసు చేశాను, చింతపండు మాత్రం పేరుకు వేశాను. ఆమె తిని చెయ్యి కడుక్కుంది. పొరుగింటి పుల్లకూర రుచి కదా, పులుపు అక్కడే తిననీ అనుకున్నాను.

గోకుంద అతను ఫోన్ చేశాడు. "తాయీ, వ్యవహార్ ఫార్ కమీ ఆహేత్" అన్నాడు. లావాదేవీలు బాగా తక్కువగా ఉన్నాయి, ఇలాగే ఉంటే మిషన్ వెనక్కి తీసుకుని ఇంకొకరికి ఇస్తాం అని మెల్లగా చెప్పాడు. మా ఆయన ఆ మాట విని గడ్డం గోక్కున్నాడు.

"ఇంకొక్క నెల జూడు. గంతే. గాలేదంటె గా మూలకు బెల్లం డబ్బాలు పెట్టుకుంట. జాగ సాలుతలేదు."

బెల్లం డబ్బాలట. ఆ మూల కోసం నేను ఎన్నేళ్లు లోపలి గదిలో పప్పులు ఏరానో ఆయనకేం తెలుసు! మిషన్ పోతే నేను మళ్లీ లోపలి గదిలోకే. ఎదురుగా ఆ నీలం ఫ్లెక్సీ, దాని కింద దాని నవ్వు, తలుపు సందులోంచి చూస్తూ నేను.

మర్నాడు మధ్యాహ్నం అత్తమ్మ వాకిట్లో కూర్చుని వత్తులు చేస్తోంది. నేను పోయి ఎదురుగా కూర్చున్నాను.

"అత్తా, ఒక్క మాట అడుగుత. నా మిషిన్ల నీ వేలు వడదా?"

"ఎందుకు వడది?"

"మరి దీపం వెట్టంగనే గాడికెందుకు పోతున్నవ్? నువ్వు పోతె గల్లీ అంత నీ ఎన్కనే పోతున్నది. నా నోట్ల మన్ను గొట్టి దానికి బువ్వ పెడుతున్నవ్."

ఆమె వత్తి చేయడం ఆపి, నన్ను చిన్నపిల్లను చూసినట్టు చూసింది.

"పిచ్చిదానా. దీపం వెట్టినంక పైసలు బయటికి పోతె లక్ష్మి పోతదా, లేదా?"

"పోతది."

"పోయేదుంటె గీ ఇంట్లకెల్లి ఎందుకు పోవాలె? గా ఇంట్లకెల్లే పోనీ అనుకున్న. గందుకే ఏరి కోరి దీపాల యాళ్లకే పోతున్న. నెలనెల నేను నడిచేది ఎవ్వల కోసమనుకున్నవ్?"

నేనూ ఒక దూది పింజ తీసుకుని నలిపాను. తర్వాత, "గా ఇంట్ల ఉన్నది గూడ నీ కొడుకే గదత్తా" అన్నాను.

"నాందేడ్‌ల ఉన్నన్ని దినాలు వాడు నన్ను తిన్నవా అని అడగలే. నేను తింటున్నది నీ చేతి బువ్వ. నీ లక్ష్మినే జూస్త."

ఎవరికీ చెప్పుకోలేనంత సంతోషం కలిగింది నాకు. యారాలి నవ్వు, ఫ్యాను, మేడం అన్న పిలుపు, అన్నీ ఒక్కసారిగా వెలవెలబోయాయి. అది చాయ్ పోసి, కుర్చీ వేసి, అత్త తనవైపే ఉందని మురుస్తుంటే, అత్త దాని ఇంట్లోంచి లక్ష్మిని సాగనంపి వస్తోందన్నమాట! ఆ సాయంత్రం పచ్చిపులుసులో చింతపండు దండిగా పిసికాను. కానీ అన్నం తింటూ ఉండగానే తెలివి వచ్చింది. ఆమె నా ఇంటి లక్ష్మిని కాపాడుతున్న కొద్దీ నా దుకాణంలో నేను ఈగలు తోలుకుంటున్నాను. ఇంకో నెలకు బెల్లం డబ్బాలు.

యారాలి మాటే అత్తమ్మ మీద వాడి చూశాను. "గల్లా మనది గాదత్తా, బ్యాంకోళ్లది."

"గల్లాకు పసుపు ఎవ్వలు రాస్తున్నరు? శుక్రారం ఊదుబత్తి ఎవ్వలు ముట్టిస్తున్నరు? బ్యాంకోళ్లచ్చి ముట్టిస్తున్నరా?"

యారాలి మాటలు యారాలి నోట్లోనే బాగుంటాయి. కానీ అత్తమ్మ జవాబే నాకు దారి చూపింది. పసుపు రాసిన గల్లా మాది సరే. పసుపు రాయనిది?

మేస్త్రీని పిలిచి దుకాణం బయట, గడపకు అవతల, అరుగు గోడకు ఒక ఇనుప పెట్టె బిగించాను. దానికి పసుపు రాయలేదు, బొట్టు పెట్టలేదు, లోపల దేవుని పటం అంటించలేదు. మిషన్ డబ్బులు ఆ పెట్టెలోనే. గడప దాటి లోపలికి ఒక్క నోటు రాదు. అత్తమ్మను తీసుకొచ్చి చూపించి చెప్పాను. "ఇంట్లకు రాని పైసలు. రాని లక్ష్మి పోయేదెట్ల?"

ఆమె పెట్టె తలుపు తీసి చూసింది, వేసింది. మళ్లీ తీసింది. గడప దగ్గరికి పోయి పెట్టెకూ గడపకూ మధ్య ఎంత దూరముందో చూసింది. గల్లీ ముసలమ్మలు ఇద్దరు ముగ్గురు చేరారు. చివరికి తీర్పు చెప్పింది. "గడప దాటని పైసలకు బోణీ లేదు, దీపం లేదు."

అంతే. మిషన్ అరుగు మీదికి వచ్చింది, నేనూ వచ్చాను. ఏ మూల కోసం పోరాడానో ఆ మూలలో మా ఆయన అదే రోజు బెల్లం డబ్బాలు సర్దాడు. నేను రేకుల కింద, బస్సులు లేపే దుమ్ములో, స్టేషన్‌కు పోయేవాళ్లందరి కళ్ల ముందు కూర్చున్నాను. చెమట పట్టింది, ముక్కులో మట్టి చేరింది. కానీ తెల్లవారుజామున సద్ది మూటలు నా దగ్గర ఆగసాగాయి. ఆటో దిగకుండానే చెయ్యి చాపి వేలు పెట్టేవాళ్లూ తయారయ్యారు. గోకుంద నుంచి మళ్లీ ఫోన్ రాలేదు.

పగార్ పడ్డ రోజు వచ్చింది. అత్తమ్మ దీపం పెట్టి, కొంగు తల మీదికి లాక్కుని, గడప దాటి, నా ముందు పీట మీద కూర్చుంది. వేలు పెట్టింది. డబ్బులు లెక్కపెట్టి ఇస్తూ తలెత్తి చూశాను. అవతల యారాలు తన గుమ్మంలో నిలబడి ఉంది. దాని వెనక ఖాళీ కుర్చీ కనబడుతోంది. చేతిలో చాయ్ గ్లాసు ఉంది. అది మమ్మల్ని చూస్తున్న చూపు నాకు బాగా తెలుసు. ఆ చూపును నేను నెలల తరబడి నా మొహం మీద మోశాను. నాకు చల్లగా అనిపించింది, అబద్ధమెందుకు.

మర్నాడు పొద్దున అది నా అరుగు మీదికి వచ్చింది. నవ్వు లేదు.

"అక్కా, అత్తమ్మకు నా మీద కోపమచ్చిందా?"

"ఎందుకత్తది?"

"మరి నిన్న రాలే. నేను కుర్చేసి జూసిన." కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ మెల్లగా అన్నది. "దీపం వెట్టంగనే అచ్చేది అక్కా. దీపాల యాళ్ల ఇంటికి పెద్దమనిషి అచ్చిందంటె లక్ష్మి అచ్చినట్టే అనుకునేదాన్ని. ఆమె కాలు వెట్టినంకనే నాకు గిరాకి వెరిగింది. గా చాయ్ నేను గందుకే వెట్టేదాన్ని."

నాలుక చివర నిజం ఉంది. చెబితే ఒక్క మాటతో దాని కుర్చీ, చాయ్, నమ్మకం అన్నీ కూలతాయి. ఎన్ని నెలలుగానో దాన్ని ఒక్క మాటతో కూలదోయాలని కోరుకున్నాను, తీరా ఆ మాట నోటి దాకా వచ్చింది. కానీ చెబితే అది ఏడుస్తుంది, ఏడిస్తే ఊరంతా దాని చుట్టూ చేరుతుంది, అప్పుడు కూడా జనం కూర్చునేది దాని కుర్చీల్లోనే. ఆ లెక్క వేసుకునే అబద్ధం చెప్పాను.

"కోపమేం లేదే. మోకాళ్ల నొప్పులు. రోడ్డు దాటలేకపోతున్నది."

దాని మొహం విప్పారింది. "గంతేనా? నేనింకేందో అనుకుని రాత్రి బువ్వ గూడ తినలే" అంటూ నా చెయ్యి పట్టుకుని ఒత్తింది. కడుపులో లేనిది కౌగిలించుకుంటే వస్తుందా అంటారు. దాని కడుపులో ఉన్నదేమో, నాకైతే ఏమీ రాలేదు.

మరుసటి నెల పగార్ పడ్డ రోజు అత్తమ్మ దీపం పెట్టి బయటికి వచ్చేసరికి యారాలు అరుగు కింద నిలబడి ఉంది.

"అత్తమ్మా, మోకాళ్లు గుంజుతున్నయట గదా. నన్ను వట్టుకో, మెల్లగ పోదం. చాయ్ వెట్టిన" అని చెయ్యి చాపింది.

అత్తమ్మ నా వైపు చూసింది. మోకాళ్ల సంగతి ఆమెకు కొత్త. నేను మిషన్ తుడుస్తున్నట్టు తల వంచుకున్నాను. నా ముందు నలుగురైదుగురు ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. వాళ్లెవరూ కదల్లేదు. నా గిరాకి నా దగ్గరే ఉంది, మిషన్ నా దగ్గరే ఉంది, ఎవరూ నా నోట్లో మన్ను కొట్టలేదు. అయినా నేను తలెత్తి చూడకుండా ఉండలేకపోయాను.

ఇద్దరూ రోడ్డు దాటుతున్నారు. అడుగులో అడుగు వేస్తూ, బస్సు వస్తే ఆగుతూ. అత్తమ్మ మోకాళ్లకు ఏ నొప్పీ లేదు. ఆ పొద్దునే పిండి మూట నెత్తిన పెట్టుకుని గిర్నీ నుంచి నడిచి వచ్చింది. అయినా ఇప్పుడు, దాని ఇంటి లక్ష్మిని సాగనంపడానికో, నిజంగా ఆ చెయ్యి నచ్చో, బరువంతా దాని చేతి మీద వేసి నడుస్తోంది.